వెండితెరపై సింహాసనము

మన ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనస్సును కరగించి తన దారికి త్రిప్పుకొనును. ఓరుగంటి ఆస్థానమున వెలసిన ప్రతాపరుద్రీయములో విద్యానాథుడు ఈ విభాగమునే స్మరించినాడు. శాసించిన మాటను మనిషి ఎదిరించవచ్చును. నచ్చజెప్పిన మాటతో వాదించవచ్చును. కాని మురిపించి చెప్పిన మాట మాత్రము వాదమునకు తావీయక నేరుగా లోనికి పోయి కూర్చుండును. అందువలననే కావ్యోపదేశము మిక్కిలి బలవత్తరమని పెద్దలు తలచిరి.

చలనచిత్రము ఈ మూటిలో దేనికి చెందునని ప్రశ్నించినచో, మూడవదానికే చెందునని చెప్పవలసి యుండును. అయితే కావ్యమును ఒక్కడు చదువుకొనును, లేదా పదిమంది పండితులు కూడి వినెదరు. సినిమాను వేలమంది ఒకే చీకటిలో కూర్చుండి, ఒకే క్షణమున నవ్వుచు, ఒకే క్షణమున కంటతడి పెట్టుచు చూచెదరు. చదువురాని వానికిని చదువుకొన్న వానికిని అచ్చట బల్లలలో తేడా యున్నదేమో కాని బొమ్మలో తేడా లేదు. ఇంతటి శక్తిగల సాధనము రాజ్యమును గూర్చి, అధికారమును గూర్చి, పాలించువారిని గూర్చియు పాలింపబడువారిని గూర్చియు ఏమి చెప్పుచు వచ్చినదో విచారించుట సాహిత్యవిద్యార్థులకు తగని పని కానేరదు.

మన పాఠశాలలలో పౌరశాస్త్రము బోధింతుము. శాసనసభ యేమి, మంత్రివర్గమేమి, న్యాయస్థానమేమి అని విద్యార్థి కంఠస్థము చేయును. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. అయితే అతడు ఆ పాఠము చదువుటకు ఎంతో ముందే రాజు ఎట్లుండునో, మంత్రి ఎట్లు మోసగించునో, పేదవాడెట్లు గెలుచునో తెరమీద చూచియే యుండును. పుస్తకములోని పాఠమునకును తెరమీది పాఠమునకును వైరుధ్యము కలిగినప్పుడు ఏది నిలుచునో ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. కావున ఆ రెండవ పాఠమును మనము చూచి చూడనట్లు వదలివేయరాదు. తెలుగుతెర చెప్పిన రాజనీతిలో సత్తా యెంత, తాలెంత అని చెరిగి చూచుకొనవలెను.

జమీందారు సొమ్ముతో రైతుకథ

తెలుగున మాటలచిత్రములు 1932లో ఆరంభమయినవి. మొదటి యేండ్లలో పురాణములే ప్రధానము. అట్టి కాలమున గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి ఫిలిమ్సు పక్షమున 1938లో ‘మాలపిల్ల’ను తీసిరి. కథ చలముగారిది. హరిజనులకు దేవాలయప్రవేశము, వర్ణాంతరవివాహము ఇతివృత్తముగా గల యీ చిత్రము ఆనాటి సమాజమున పెద్ద కలకలము రేపినది. మద్రాసు రాజధానిలో ఆలయప్రవేశమునకు వీలు కల్పించు శాసనము మరుసటి యేట, 1939లో వచ్చినదని జ్ఞాపకముంచుకొన్నచో, సినిమా ఇచ్చట చట్టమునకు ఒకడుగు ముందే నడచినదని తేలును. అయినను ఆ కథలోని రాజకీయభావమేమి? సనాతనుడైన సుందరరామశాస్త్రి మనస్సు మారవలెను. అతని మనస్సు మారినచో గ్రామము మారును. ఇది గాంధీజీ బోధించిన హృదయపరివర్తన మార్గము. పీడించువాని మనస్సే ఇచ్చట రణరంగము.

ఆ మరుసటి యేడు, 1939లో, అదే దర్శకుడు తీసిన ‘రైతుబిడ్డ’ మరియొక మెట్టు ఎక్కినది. ఆ రోజులు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1937లో మద్రాసున కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడినది. రెవిన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను జమీందారీ రైతుల స్థితిగతులను విచారించు సంఘము 1938లో తన నివేదిక నిచ్చినది. రైతులు ఇచ్ఛాపురము నుండి మద్రాసు దాక యాత్ర సాగించిన కాలమది. ఇట్టి వేళ, నాటకరంగమున మహానటుడైన బళ్ళారి రాఘవగారు రైతు నర్సిరెడ్డిగా తెరమీద నిలిచిరి. అప్పుల పాలైన చిన్నరైతు ఎన్నికలలో జమీందారు పక్షమును కాదని రైతుపక్షమును బలపరచుట, అందువలన పడరాని పాట్లు పడుట ఇచ్చటి కథ. పీడకుని మనస్సు మారునని కాచుకొని కూర్చుండుట ఈ చిత్రమున లేదు. అధికారము భూమిలో నున్నది, అప్పుపత్రములో నున్నది, వోటులో నున్నది అని ‘రైతుబిడ్డ’ సూటిగా చెప్పినది. అందుకు ఫలితముగా జమీందారులు మండిపడిరి. ఆనాటి ప్రభుత్వము కొన్ని ప్రాంతములలో చిత్రప్రదర్శనను నిషేధించినది.

ఇందొక చిత్రమైన విషయమున్నది. సారథి ఫిలిమ్సుకు అండగా నిలిచినవారు చల్లపల్లి రాజావారు. స్వయముగా జమీందారు. జమీందారీ వ్యవస్థను దుయ్యబట్టిన చిత్రమునకు ఒక జమీందారుని ధనమే ఊపిరియైనది. దీనిని చూచి కొందరు నవ్వవచ్చును, కొందరు అనుమానింపవచ్చును. నాకు తోచునది వేరు. సినిమా అనునది లక్షల మీద నడచు కళ. కవి తాటాకుమీద వ్రాసి ఆకలితో నుండియైనను రాజును తిట్టవచ్చును. దర్శకుడు మాత్రము ఎవరినో ఒకరిని ధనమడుగక ఒక్క అడుగు ఫిలిమునైన తీయలేడు. కావున సినిమాలోని రాజకీయమును పరిశీలించువాడు తెరమీది కథతోపాటు తెరవెనుక సొమ్మును కూడ చూడవలెను. సొమ్ము ఎవరిదైనను సత్యము పలుకుట సాధ్యమే యని ‘రైతుబిడ్డ’ చూపినది. ఆ సత్యమునకు ఎంత వెల చెల్లింపవలసి వచ్చునో కూడ చూపినది. మద్రాసు రాజధానిలో ఎస్టేటుల రద్దు శాసనము 1948లో వచ్చినది. నిషేధమునకు గురియైన కథలోని కోరిక తొమ్మిదేండ్లకు చట్టమైనది. దర్శకుడు రామబ్రహ్మముగారు అది చూడక మునుపే, 1946లో, కన్నుమూసిరి.

పిచ్చివాని నోట సత్యము

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత అధికారము దివాణములు విడిచి కార్యాలయములకు వచ్చినది. ఈ మార్పును పట్టుకొన్న చిత్రము 1954లో కె.వి. రెడ్డిగారు తీసిన ‘పెద్దమనుషులు’. ఇబ్సెన్ అను నార్వే నాటకకర్త 1877లో వ్రాసిన ‘సంఘస్తంభములు’ అను నాటకము దీనికి ప్రేరణ. డి.వి. నరసరాజుగారు రచన చేసిరి. గౌరీనాథశాస్త్రిగారు ధరించిన ధర్మారావు పాత్ర పట్టణమునకు మునిసిపల్ ఛైర్మన్. పేరులో ధర్మము, మాటలో ధర్మము, వేషములో ధర్మము. చేతలు మాత్రము చీకటిలో నుండును.

ఈ చిత్రమునందలి గొప్పతనము దుర్మార్గుని దుర్మార్గునిగా చూపకపోవుటలో నున్నది. పురాణములలో రాక్షసునికి కోరలుండును. అతనిని గుర్తించుట తేలిక. ప్రజాస్వామ్యములో అధికారము గౌరవమును కప్పుకొని వచ్చును. సభలకు అధ్యక్షత వహించును. సత్రములకు పునాదిరాళ్లు వేయును. ఇట్టివానిని గుర్తించుట ఎట్లు? అచ్చటనే రచయితలు రేలంగి ధరించిన తిక్కశంకరయ్యను ప్రవేశపెట్టిరి. అతడు పిచ్చివాడు. వీథులలో పాడుచు తిరుగును. ఊరిలో అందరికిని తెలిసి ఎవరును అనలేని మాటలను అతడు కొసరాజుగారి పాటలలో పాడును. బుద్ధిమంతులు భయముచేత నోరు మూసుకొన్న ఊరిలో సత్యము పలుకుటకు పిచ్చివాడే మిగిలినాడన్నమాట.

మన వీథినాటకములలోని హాస్యగాడు, తోలుబొమ్మలాటలోని కేతిగాడు, సంస్కృతనాటకములోని విదూషకుడు, అందరును తిక్కశంకరయ్యకు పూర్వులే. రాజు ఎదుట నిజము చెప్పుటకు సభలో ఒక్కనికి మాత్రము అనుమతి యుండెడిది. అతనిని చూచి అందరు నవ్వెడివారు. ఆ నవ్వే అతనికి కవచము. ఈ సంప్రదాయమును తెలుగుసినిమా చక్కగా వినియోగించుకొన్నది. అయితే విద్యార్థి ఇంకొక ప్రశ్న కూడ వేసికొనవలెను: ఏ సమాజములో సత్యము పలుకువానికి పిచ్చివాడని పేరు పెట్టవలసి వచ్చుచున్నదో, ఆ సమాజములో వివేకవంతులకు ఏమి జబ్బు చేసినది?

ఎవరు పట్టుకొన్న వారి ప్రతిమ

జానపదచిత్రములను మనము పిల్లల వినోదముగా త్రోసివేయుదుము. 1951లో విజయావారి పక్షమున కె.వి. రెడ్డిగారు తీసిన ‘పాతాళభైరవి’ని మరల ఒకసారి పెద్దవారి కంటితో చూడుడు. కాశీమజిలీ కథలనుండి గ్రహించిన ఇతివృత్తమది. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు తోటరాముడు రాజకుమారిని ప్రేమించును. రాజు అతని ధైర్యమును చూచును. అయినను తమతో సరితూగు సంపద గడించి రమ్మనును. ఇచ్చట రాజనీతి ఎంత నగ్నముగా నున్నదో గమనింపుడు. వంశమునకు బదులు ధనము చాలునని ఒప్పుకొన్న రాజు అతడు. పాతలోకము పోవుచు క్రొత్తలోకము వచ్చుచున్న సంధి ఆ ఒక్క షరతులో నున్నది.

ఆ సంవత్సరమే, 1951 అక్టోబరులో, స్వతంత్రభారతమున తొలి సార్వత్రిక ఎన్నికలు మొదలైనవి. వయస్సు వచ్చిన ప్రతి తోటమాలికిని, ప్రతి తోటమాలి భార్యకును వోటు వచ్చినది. ఆ యేడు తోటమాలి కొడుకు సింహాసనమునకు సమీపించిన కథను జనము తండోపతండములుగా చూచిరి. ఈ రెంటికి కార్యకారణసంబంధ మున్నదని నేను అనను. ఒకే గాలి రెండు చెట్లను కదలించినదని మాత్రము చెప్పగలను.

ఇక ఆ ప్రతిమ సంగతి. పాతాళభైరవి ప్రతిమకు మంచిచెడ్డలు లేవు. ఎవని చేతనున్న వాని ఆజ్ఞ నెరవేర్చును. రాముని చేతనున్నప్పుడు మేడలు కట్టును. దానిని రాజుగారి బావమరదిని అడ్డుపెట్టుకొని మాంత్రికుడు అపహరించినప్పుడు ఆ మేడలనే మాయము చేయును, రాజకుమారినే ఎత్తుకొనిపోవును. రాజ్యయంత్రమును వర్ణించుటకు ఇంతకంటె సులభమైన ఉపమానము ఏ పాఠ్యగ్రంథమున నున్నది? పోలీసు, ఖజానా, ముద్ర, సంతకము, ఇవన్నియు ఆ ప్రతిమవంటివే. అధికారపీఠమున కూర్చున్నవాడు మారగానే నిన్నటి సేవకులే నేడు ఇంకొకనికి చిత్తమనుచు నిలుచుందురు. మరి ప్రతిమను ఎవనికి ఈయవలెను? జానపదకథ చెప్పు సమాధానము, మంచివానికి ఈయవలెను, దొంగలు ఎత్తుకొనిపోకుండ కాపాడుకొనవలెను అనునది. ప్రజాస్వామ్యము చెప్పు సమాధానము వేరు. ఎంత మంచివాడైనను ప్రతిమను ఒక్కని చేతికి పూర్తిగా ఈయరాదు. ఇచ్చినదానికి గడువుండవలెను, లెక్కలుండవలెను, అడుగువాడుండవలెను. రాజ్యాంగమనగా ప్రతిమకు వేసిన తాళము. ఈ తేడాను తరగతిలో పది నిమిషములలో చెప్పవచ్చును. పిల్లలు జీవితాంతము మరువరు.

సత్యపీఠము

‘మాయాబజార్’ 1957 మార్చిలో విడుదలయినది. దర్శకుడు కె.వి. రెడ్డిగారే, రచయిత పింగళి నాగేంద్రరావుగారు. ఇది భారతకథయే యైనను పాండవులు తెరమీదికి రారు. రాజ్యము పోగొట్టుకొన్నవారు కథనుండియే అదృశ్యులైరి. అయినను కథ యంతయు వారి చుట్టునే తిరుగును. పాండవులు రాజ్యమేలుచుండగా శశిరేఖను అభిమన్యునకిత్తుమన్న మాట, రాజ్యము పోగానే చెల్లని నాణెమైపోవును. చుట్టరికము అధికారమును చూచి నడచును అను లోకరీతిని రేవతీదేవి పాత్రలో పింగళివారు ఎంత సున్నితముగా చూపిరో చెప్పజాలము. ఆమె దుర్మార్గురాలు కాదు. మన ఇరుగుపొరుగున నుండు తల్లియే. సుభద్రకు జరిగిన అవమానము నేటికిని పదవి పోయిన ప్రతి యింటి ఆడపడుచుకు తెలిసిన అవమానమే.

ఈ చిత్రములో రెండు మాయావస్తువు లున్నవి. ఒకటి ప్రియదర్శిని. అందులో చూచినవారికి తమ మనసునకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణునకు మాత్రము శకుని కనబడును. నవ్వుకొని ముందుకు సాగిపోవు ఘట్టమది. కాని రాజనీతిజ్ఞుని మనస్సుకు ఇంతకంటె నిర్వచన ముండదు. ఇతరులు తమ కోరికను చూచుకొనుచుండగా అతడు ఎదుటిపక్షపు ఎత్తును చూచుచున్నాడు.

రెండవది సత్యపీఠము. దానిపై నిలిచినవాడు మనసులోని మాటను దాచలేడు. మాటకారియైన శకుని దానిపై నిలిచి, ఈ పెండ్లి సంబంధము వెనుక కౌరవుల ఉద్దేశమేమో, రాబోవు యుద్ధమునకై యాదవుల అండను ఎట్లు సంపాదింపదలచినారో తనంత తానే వెళ్లగ్రక్కును. హాలులో జనము పడిపడి నవ్వెదరు. ఆ నవ్వులో ఎంత కోరిక దాగియున్నదో ఆలోచింపుడు. పాలకులు ఒక్కసారి, ఒక్క గడియసేపు, మనసులోని మాట చెప్పినచో ఎంత బాగుండును అని ప్రజలు అనాదిగా కోరుకొనుచున్నారు. న్యాయస్థానములో ప్రమాణము, శాసనసభలో ప్రశ్నోత్తరముల వేళ, పత్రికలవారి ప్రశ్నలు, 2005లో వచ్చిన సమాచారహక్కు శాసనము, ఇవి యన్నియు మనుష్యులు కష్టపడి నిర్మించుకొన్న చిన్నచిన్న సత్యపీఠములు. ఘటోత్కచుని మాయవలె అవి తమంత తాము పనిచేయవు. ఎవరో ఒకరు పాలకుని అచ్చటికి పిలిచి నిలువబెట్టవలెను.

భాషాబోధకుడుగా ఇంకొక విశేషము చెప్పక తప్పదు. పింగళివారు ఈ చిత్రములో ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అని క్రొత్త మాటలు పుట్టించిరి. మనవారు, పరవారు అని లోకమును రెండుగా చీల్చుటకు అధికారమునకు ఎల్లప్పుడు రెండు మాటలు కావలెను. ఆ మాటలను వెక్కిరింతగా పలికించి, ఆ చీలికయే ఎంత బాల్యచేష్టయో చూపిరి. నేటికిని రాజకీయవ్యాసములలో ‘దుష్టచతుష్టయము’తో పాటు ఈ మాటలు వాడుకలో నున్నవి. ఒక సినిమా భాషకు ఇంత రాజనీతి పదజాలము నిచ్చుట సామాన్యము కాదు.

అంగరాజ్యాభిషేకము

పౌరాణికమును తిరుగవేసి చెప్పిన చిత్రము 1977 జనవరిలో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’. ఎన్.టి. రామారావుగారు దానికి నిర్మాత, దర్శకుడు. కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడును వారే ధరించిరి. సంభాషణలు కొండవీటి వెంకటకవిగారివి. దేశమున అత్యవసరపరిస్థితి ఇంకను తొలగని రోజులవి. అది 1977 మార్చిలో తొలగినది.

కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమును మనము నన్నయగారి ఆదిపర్వమున చదువుకొన్నదే. కర్ణుడు అర్జునునితో పోరుటకు ముందుకు రాగా కృపుడు అతని కులగోత్రములడుగును. దుర్యోధనుడు వెంటనే అతనికి అంగరాజ్య మిచ్చును. చిత్రమున ఈ ఘట్టము కులమును నిలదీయు న్యాయవాదముగా విస్తరించినది. తెలుగువారి నోళ్లలో ఆ సంభాషణలు నేటికిని నానుచున్నవి. ఎంతటి చిక్కుప్రశ్న ఇచ్చట నున్నదో చూడుడు. దుర్యోధనుడు పలికిన మాట న్యాయమైనది. అతని ఉద్దేశము మాత్రము అర్జునునికి సాటియైన విలుకానిని తన పక్షమునకు చేర్చుకొనుట. స్వార్థముతో పలికినంతమాత్రమున న్యాయమైన మాట అన్యాయమగునా? మాట న్యాయమైనదని పలికినవానిని నమ్మవచ్చునా? ఎన్నికలవేళ ప్రతి పౌరుడును ఈ రెండు ప్రశ్నలను ఎదుర్కొనుచున్నాడు. కర్ణుడు మాత్రము మొదటి ప్రశ్నకే సమాధానము చూచుకొని రెండవదానిని మరచినాడు. అతని విషాదమంతయు అందే యున్నది.

నటుడు, నాయకుడు, ప్రేక్షకుడు

ఇంతదాక వచ్చి, తెర దిగి గద్దె నెక్కిన చరిత్రను ముట్టకుండుట పొసగదు. తమిళనాట 1952లో ‘పరాశక్తి’కి సంభాషణలు వ్రాసిన కరుణానిధిగారు 1969లోను, నటుడు ఎం.జి. రామచంద్రన్‌గారు 1977లోను ముఖ్యమంత్రులైరి. తెలుగునాట రామారావుగారు 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిరి. వారు తెరపై తొలిసారి కనిపించినది 1949లో ఎల్.వి. ప్రసాద్‌గారి ‘మనదేశం’లో, దేశభక్తులపై లాఠీ ఝళిపించు పోలీసు అధికారిగా. అచ్చటినుండి కృష్ణుడు, రాముడు, కర్ణుడు, పిదప 1980లో ‘సర్దార్ పాపారాయుడు’, 1982లో ‘బొబ్బిలిపులి’. లాఠీతో మొదలైన తెరజీవితము చివరకు చట్టమునే బోనులో నిలబెట్టిన ఉద్ధారకుని వేషమునకు చేరినది.

దీనిని చూచి పలువురు విద్యావంతులు, జనము తెరమీది దేవునికే వోటు వేసిరని తీర్పు చెప్పుదురు. ఇది సగము నిజము. 1978 మొదలు 1983 వరకు అయిదేండ్లలో రాష్ట్రమున నలుగురు ముఖ్యమంత్రులు మారిరి. వారిని మార్చినది ఢిల్లీ. ఆత్మగౌరవమను మాట ఆనాడు గుండెకు తగిలినదన్నచో దానికి కారణము ఈ చరిత్రలో నున్నది. కిలో రెండు రూపాయల బియ్యమను వాగ్దానము పేదయింటి కుండకు సంబంధించినది. ఇక తరువాతి కథ చూడుడు. అదే ప్రజలు 1989లో తెలుగుదేశమును ఓడించిరి. రామారావుగారే స్వయముగా కల్వకుర్తిలో ఓడిరి. 1994లో మరల గెలిపించిరి. తెరమీద అసంఖ్యాకులైన అభిమానులుగల చిరంజీవిగారి ప్రజారాజ్యము 2009లో 294 స్థానములలో 18 గెలిచినది. పవన్ కల్యాణ్‌గారి జనసేనకు 2019లో ఒక్క స్థానము రాగా, 2024లో పొత్తులో పోటీచేసిన 21 స్థానములును వచ్చినవి. నటుడొకడే, అభిమానులు వారే, తీర్పు మాత్రము మారినది. కావున టిక్కెట్టు కొన్న చేతికిని వోటు వేసిన చేతికిని నడుమ ఒక ఆలోచన యున్నదని ఒప్పుకొనుట న్యాయము.

అయినను నిజమైన ప్రమాదము వేరొకచోట నున్నది. అది నటుడు నాయకుడగుట కాదు. పౌరుడు ప్రేక్షకుడుగా మిగిలిపోవుట. ఉద్ధారకుని కథలలో ఊరంతయు అన్యాయమును సహించుచు కూర్చుండును. నాయకుడొక్కడు వచ్చును. అతడే ఫిర్యాది, అతడే సాక్షి, అతడే న్యాయాధిపతి, అతడే తలారి. దుష్టుడు పడిపోవును, జనము చప్పట్లు కొట్టి ఇంటికి పోవుదురు. దుష్టుని నిలబెట్టిన ఏర్పాటు ఏమైనదని ఎవరును అడుగరు. అప్పుపత్రము అట్లే యుండును, కచేరి అట్లే యుండును, మరొక దుష్టుడు ఆ కుర్చీలోనే కూర్చుండును. ఈ అలవాటు తెరనుండి వీథికి వచ్చినప్పుడు మనము మన వార్డులో మంచినీటి కుళాయి కొరకును ఒక మహాపురుషుని రాకకై ఎదురుచూచుచుందుము. విచారణ లేకుండ శిక్షించినవానికి జేజేలు పలుకుదుము; రేపు ఆ శిక్ష మన గుమ్మమునకు రావచ్చునని తలపము.

ఈ పద్ధతికి ఎదురునడచిన చిత్రములు లేకపోలేదు. 1979లో నిర్మితమై 1980లో విడుదలయిన ‘మాభూమి’ వానిలో ముఖ్యము. కిషన్ చందర్‌గారి ఉర్దూ నవల ఆధారముగా గౌతం ఘోష్‌గారు దర్శకత్వము వహింపగా బి. నర్సింగరావుగారు నిర్మించిరి. వెట్టిని నిరాకరించిన రామయ్య పట్టణము చేరి, కార్మికులతో కలసి, అక్షరము నేర్చి, తిరిగి ఊరికి వచ్చును. అతడు ఉద్ధారకుడు కాడు, అందరిలో ఒకడు. ఊరే కథానాయకుడు. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగిన తరువాత, పారిపోయిన దొరలు ఖద్దరు ధరించి ఊరికి తిరిగివచ్చు దృశ్యము అందున్నది. మాటలు లేకున్నను అది ఒక రాజనీతిగ్రంథమునకు సాటి. ఏలికలు మారిరి, ఊరిలో భూమి యెవరి చేతనున్నదను ప్రశ్న మారలేదు. వేషము మార్చుకొని తిరిగివచ్చు అధికారమును గుర్తించుట నేర్పినందుకు ఆ చిత్రమునకు మనము ఋణపడి యున్నాము.

తరగతిగదిలో

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపము. సినిమాలు చూడవద్దని పిల్లలను మందలించుటవలన ప్రయోజనము లేదు; వారు చూతురు. చూచిన దానిని గూర్చి మాటాడనిచ్చుట మేలు. కావ్యమును బోధించునప్పుడు నాయకుడెవరు, రసమేమి, సంధులెన్ని అని అడుగుదుము గదా! అట్లే సినిమాను గూర్చియు కొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. ఈ కథలో అధికారము ఎచ్చట నున్నది: భూమిలోనా, కుర్చీలోనా, ధనములోనా, కులములోనా? అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినది? కథ ముగియునప్పటికి మారినది మనిషియా, ఏర్పాటా? ఊరి జనము ఏమి చేసిరి, ఊరకే చూచుచుండిరా? స్త్రీలు ఎవరి నిర్ణయములను మోసిరి? పాండవులవలె తెరమీదికే రానివారు ఎవరు? వారు వచ్చియున్నచో కథ ఎట్లుండెడిది?

ఈ ప్రశ్నలకు విద్యార్థులు వేర్వేరు సమాధానములు చెప్పుదురు. చెప్పనిండు. తమకు ప్రియమైన నటుని పక్షమున కొందరు కోపముతో వాదింతురు. వాదింపనిండు. అభిమానించుచునే ప్రశ్నించుట సాధ్యమని ఒక్కసారి అనుభవమునకు వచ్చినచో, అదే వారికి పౌరధర్మమున తొలిపాఠమగును. పాలకుని ప్రేమించినను లెక్క అడుగవచ్చునను ధైర్యము ఈ సాధనమునుండియే వచ్చును. పదునెనిమిదేండ్లు నిండి వోటు చేతికి వచ్చునాటికి ఆ అలవాటు స్థిరపడియుండవలెను.

మురిపించి చెప్పిన మాట వాదమునకు తావీయదని మొదట అనుకొంటిమి. అట్టి మాట విన్న పిమ్మట, దీపములు వెలిగిన తరువాత, దానితో వాదించుట మన వంతు. తెలుగుతెర మనకు తిక్కశంకరయ్యను ఇచ్చినది, పాతాళభైరవి ప్రతిమను ఇచ్చినది, సత్యపీఠమును ఇచ్చినది. వానిని చూచి తరములు ఆనందించినవి. ఆ ఆనందమును తగ్గించుకొనకయే, వానిలోని అర్థమును పిల్లలచేత పలికింపగలిగినచో, మన బోధన ధన్యమగును.